చెరపకుండా రాయండి

ప్రశ్న: మా నాన్నగారు నిరుడు 91వ ఏట, బెంగళూరులో మా ఇంట్లోనే కన్నుమూశారు. కాకినాడలో ఇంజనీరింగ్ చదివి, 1957లో నాగార్జునసాగర్ నిర్మాణంలో చేరి, తరువాత ఎన్నో ఊళ్లు తిరిగి నీటిపారుదల శాఖలోనే పదవీ విరమణ చేశారు. ఇక్కడికి వచ్చాక కూడా ఊరికే కూర్చోలేదు. కుళాయి కారుతుంటే కింద గ్లాసు పెట్టి, గడియారం చూసి, రోజుకెన్ని బిందెలు పోతున్నాయో లెక్కగట్టి, వాషరు తానే మార్చేవారు. సంవత్సరీకాలకు ఆయన గురించి చిన్న పుస్తకం వేద్దామని నేను రాస్తే అది ఉద్యోగాల పట్టికలా తయారైంది. మా చదువుల కోసం అమ్మ గుంటూరులో ఉండిపోయింది, ఆయన నెలకోసారి వచ్చి వెళ్లేవారు. ‘ఆయన ఇంట్లో లేని సంగతి కూడా రాయి’ అంటోంది అక్కయ్య. రాయవచ్చునా?
— ఒక పాఠకుడు, మల్లేశ్వరం

జవాబు: మీ ఉత్తరంలో ఉద్యోగ వివరాలను చదువుకుంటూ పోయాను గాని, గ్లాసు పెట్టిన వాక్యం దగ్గర ఆగిపోయాను. పుస్తకాన్ని అక్కడే మొదలుపెట్టండి. మీ ఇంటి కుళాయిలోకి వచ్చే కావేరి నీరు సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి, దాదాపు 500 మీటర్ల ఎత్తుకు ఎక్కి వస్తుంది. జీవితమంతా నీటిని నిలపడానికీ, పారించడానికీ వెచ్చించిన మనిషికి ఆ కారే చుక్క ఎలా కనిపించి ఉంటుందో మీ పిల్లలకు ఆ ఒక్క దృశ్యంతోనే తెలుస్తుంది.

‘1957లో చేరారు’ అన్న మాట మాత్రం వారికి ఏమీ చెప్పదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్టను, సిమెంటుకూ యంత్రాలకూ కరువున్న కాలం గనుక, పనిచేసే చేతులకు కొదవ లేదు గనుక, ప్రధానంగా రాతికట్టుతోనే లేపారు. సుమారు 124 మీటర్ల ఆ ఎత్తుకు వేలాది స్త్రీపురుషులు పరంజాల మీదుగా రాళ్లు మోశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలేనాటికి మీ నాన్నగారు చేరి పదేళ్లయింది. కట్టిన కట్టుబడిని కొలిచి ఎం.బుక్కులో, అంటే కొలతల పుస్తకంలో, ఎక్కించడం అక్కడి చిన్న ఇంజనీర్ల బాధ్యత. ఆ అంకెల మీదే బిల్లు పాసై, కూలి డబ్బు కదిలేది.

ఎం.బుక్కు పేరెత్తడానికి కారణముంది. దానికి పేజీ నంబర్లు ముందే వేసి ఉంటాయి, కాగితం చింపకూడదు, అంకె తప్పుపడితే చెరపకూడదు. ఒక్క గీతతో కొట్టివేసి, సరైనది రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టాలి. పాత అంకె గీత కింద కనిపిస్తూనే ఉండాలి. దశాబ్దాల పాటు అలా రాసిన మనిషి గురించి మీరు చెరిపి రాయడం నాకు సబబుగా తోచదు. కాబట్టి అక్కయ్యగారి మాట తప్పకుండా రాయండి, అయితే మీ మాటల్లో కాదు, ఆవిడ పేరుతో, ఆవిడ మాటల్లోనే. ఏ ఏడు, ఎవరికి జ్వరం వస్తే అమ్మగారు ఒంటరిగా ఆసుపత్రికి పరిగెత్తారో, నెలకోసారి వచ్చే ఆ మనిషిని చూసి ఏ పిల్ల తలుపు చాటుకు వెళ్లిందో చెప్పమనండి. ఆయన రాలేకపోవడానికి కారణం ఒక్కసారి చెబితే చాలు, పేజీకోసారి సమర్థించబోకండి.

మీ అమ్మగారు ఉన్నారో లేదో రాయలేదు. ఉంటే ఈ వారమే పక్కన కూర్చోండి. ‘నాన్నగారు ఎలాంటివారు?’ అని అడిగితే ‘దేవుడు’ అంటారు, అక్కడితో ఆగిపోతుంది. నెల జీతం ఏ తారీఖున అందేది, అది రాకపోతే ఎవరి దగ్గర చేబదులు తెచ్చేవారు, ఆయన వచ్చిన రోజు ఏం వండేవారు అని అడగండి. కొత్తల్లో కట్ట దగ్గర ఆయనతో ఉన్నారేమో, నీళ్లు ఎక్కడి నుంచి మోసుకొచ్చేవారో కూడా అడగండి.

‘కర్మయోగి’, ‘స్ఫూర్తిప్రదాత’ వంటి మాటలు వద్దు, అవి ప్రతి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ మీదా ఉన్నాయి. బెంగళూరులో ఇంజనీరు పోతే విశ్వేశ్వరయ్యగారితో పోల్చడం ఆనవాయితీ. నిండు నూరేళ్లు బతికి 1962లో ఇదే ఊళ్లో పోయిన ఆ మహానుభావుడి పక్కన నిలబెడితే మీ నాన్నగారి ముఖం ఎవరికీ కనపడదు.

ఆయన చేతిరాత ఉన్న కాగితం ఒకటి, పాల లెక్కైనా సరే, యథాతథంగా అచ్చు వేయించండి. అక్షరాలు మాత్రం 16 పాయింట్లకు తగ్గనివ్వకండి, పెద్దవాళ్లు కళ్లజోడుతో సొంతంగా చదువుకోవాలి.