టామ్ ఫిన్నీ ప్రెస్టన్‌ను విడిచి ఎందుకు వెళ్లలేదు?

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు టామ్ ఫిన్నీ గురించి మీరడిగిన దాంట్లో రెండు సందేహాలున్నాయి. లీగ్ టైటిల్ గానీ, ఇంగ్లండ్ నాకౌట్ పోటీ అయిన ఎఫ్ఏ కప్పు గానీ గెలవని ఆయనను అంత గొప్ప ఆటగాడని ఎందుకంటారు? ఆయన జీవితమంతా ప్రెస్టన్ ఊరి క్లబ్బు ప్రెస్టన్ నార్త్ ఎండ్‌లోనే ఎందుకు ఉండిపోయారు? రెండోదానికి ముందు జవాబు చెబుతాను. వెళ్లే అవకాశం వచ్చింది, క్లబ్బు వెళ్లనివ్వలేదు. ఆయన విధేయతను పొగుడుతూ రాసేవాళ్లు చాలామంది ఈ సంగతి దాటేస్తారు. అది ఆయనకు చేసే అన్యాయమే అంటాను.

చదువుకోసం వెళ్లి, ఆ తర్వాత ఉద్యోగం చేస్తూ ప్రెస్టన్‌లో కొన్నేళ్లు ఉన్నాను. మా అద్దె ఇల్లు క్లబ్బు మైదానం డీప్‌డేల్‌కు దగ్గరలోనే. ఇంటి యజమాని పెద్దాయన, చిన్నప్పుడు తండ్రి వెంట వెళ్లి ఫిన్నీ ఆట చూసినవాడు. ఒకసారి మా వంటింటి కుళాయి బాగుచేయడానికి వచ్చి, సింకు కింద పడుకునే ఆ రోజుల గురించి చెప్పాడు. బంతి టామ్ వైపు వస్తోందంటే చుట్టూ నిలబడ్డ పెద్దవాళ్లు మాటలు ఆపేసేవారట. ఇటలీ క్లబ్బు నుంచి ఫిన్నీకి వచ్చిన కబురు గురించి అడిగితే, పానా తిప్పడం ఆపకుండానే, ‘పోనివ్వలేదు, అంతే’ అన్నాడు.

ఆ కబురు 1952 మేలో వచ్చింది. ఇంగ్లండ్ జట్టు ఇటలీ పర్యటనలో ఉండగా పలెర్మో క్లబ్బు అధిపతి ఫిన్నీని పిలిచాడు. ఒప్పందం మీద సంతకం పెడితే 10,000 పౌండ్లు, నెలకు 130 పౌండ్ల జీతం, బోనస్‌లు, ఉండటానికి బంగళా, కారు. అప్పట్లో ఇంగ్లండ్‌లో ఎంతటి ఆటగాడికైనా వారానికి 14 పౌండ్లకు మించి ఇవ్వకూడదని నియమం. అంటే ఆ 10,000 పౌండ్లు పదేళ్ల జీతం కంటే ఎక్కువ. ప్రెస్టన్ ఛైర్మన్ ససేమిరా అన్నాడు. మాకు ఆడకపోతే ఇంకెవరికీ ఆడవు అని తేల్చేశాడు.

అది ఉత్తుత్తి బెదిరింపు కాదు. ఒప్పందం గడువు ముగిసినా ఆటగాడి రిజిస్ట్రేషన్ క్లబ్బు చేతిలోనే ఉండేది. క్లబ్బు వదిలితే తప్ప ఇంకో జట్టుకు ఆడే దారి లేదు. జీతాల పరిమితి 1961 జనవరిలో పోయింది. రిజిస్ట్రేషన్ పద్ధతి అన్యాయమని ఆటగాడు జార్జ్ ఈస్ట్‌హామ్ కేసులో న్యాయస్థానం తీర్పు చెప్పింది 1963లో. ఫిన్నీ రిటైరైంది 1960లో. మొదటి స్వేచ్ఛ కొన్ని నెలల తేడాతో, రెండోది మూడేళ్ల తేడాతో ఆయన చేతికి అందలేదు.

ఆయన ప్లంబింగ్ పనిని కూడా ఈ వెలుగులోనే చూడాలి. ‘ప్రెస్టన్ ప్లంబర్’ అన్న పేరును అందరూ సరదా విశేషంగా చెబుతారు. పద్నాలుగేళ్ల వయసులో క్లబ్బు పిలిస్తే, ముందు చేతిపని పూర్తిగా నేర్చుకో అని తండ్రి పట్టుబట్టాడు. ఆ తండ్రి ముందుచూపుకు నేను చేతులెత్తి మొక్కుతాను. ఇంగ్లండ్‌కు ఆడుతున్న రోజుల్లోనూ ఫిన్నీ ఆ వృత్తి వదల్లేదు. తర్వాతి కాలంలో కుటుంబాన్ని నిలబెట్టింది ఆ వ్యాపారమే.

ఇక ఆట. యుద్ధం ఆయన యవ్వనాన్ని తినేసింది. సైన్యంలో చేరి ఈజిప్టు, ఇటలీల్లో పనిచేశారు, ట్యాంకు నడిపారు. లీగ్‌లో తొలి మ్యాచ్ ఆడేసరికి 24 ఏళ్లు నిండాయి. అయినా ఇంగ్లండ్‌కు 76 మ్యాచ్‌ల్లో 30 గోల్స్ చేశారు, మూడు ప్రపంచ కప్పులు ఆడారు. సహజంగా ఎడమకాలి ఆటగాడు. కుడి పక్కన ఆడటానికి కుడికాలిని సాధనతో సమానం చేసుకున్నారు. కుడి వింగ్, ఎడమ వింగ్, చివరి సంవత్సరాల్లో సెంటర్ ఫార్వర్డ్, ఎక్కడ నిలబెట్టినా ఆడారు. అదే కాలపు మరో ఇంగ్లండ్ వింగర్ స్టాన్లీ మాథ్యూస్‌ను మించినవాడా కాదా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. నన్నడిగితే ఫిన్నీయే, ఎందుకంటే గోల్స్ కూడా ఆయనే కొట్టేవారు. దేశంలో ఆ ఏటి మేటి ఆటగాడి బహుమతిని రెండుసార్లు, 1954లోనూ 1957లోనూ, అందుకున్న మొదటివాడు ఆయనే.

టైటిల్ మాత్రం అందినట్టే అంది చేజారింది. 1953లో ఆర్సెనల్‌తో పాయింట్లు సమానమై, గోల్ సగటులో (కొట్టిన గోల్స్‌ను ఇచ్చిన గోల్స్‌తో భాగిస్తే వచ్చేది) స్వల్ప తేడాతో లీగ్ పోయింది. 1954 ఎఫ్ఏ కప్పు ఫైనల్లో వెస్ట్ బ్రామ్ 3-2తో గెలిచింది. ఆ రోజు ఫిన్నీ తన స్థాయిలో ఆడలేకపోయారు. 1958లో మళ్లీ లీగ్‌లో రెండో స్థానం.

ప్రెస్టన్ వెళితే స్టేడియం బయట ఉన్న కంచు విగ్రహం తప్పక చూడండి. 1956లో చెల్సీ మైదానంలో, వాన నీటి మడుగులో బంతి కోసం జారుతున్న ఫిన్నీని తీసిన ఫోటో దానికి ఆధారం. రెండు పక్కలా నీళ్లు నిజంగానే చిమ్ముతుంటాయి. లోపల ఆయన పేరున్న స్టాండులో ఖాళీ కుర్చీల రంగుల్లో ఆయన ముఖం కనిపిస్తుంది.

ట్రోఫీలు లేకుండా ఆయన విలువ ఎలా కొలవాలంటారా? గజ్జల గాయంతో 1960 ఏప్రిల్‌లో ఆయన తప్పుకున్నారు. ఆ తర్వాతి సీజన్‌లోనే ప్రెస్టన్ అప్పటి పై స్థాయి లీగ్ అయిన మొదటి డివిజన్ నుంచి దిగిపోయింది. ఇప్పటికీ పై స్థాయికి తిరిగి చేరలేదు.