కరీంనగర్‌లో మానేరు వైపు ఇల్లు తీసుకుంటే పిల్లలకు, పెద్దవాళ్లకు సాయంత్రం కాసేపు గడిపే చోట్లు ఉన్నాయా?

బదిలీ మీద కరీంనగర్ వస్తున్నామని, డ్యామ్ వైపు ఇల్లు చూస్తున్నామని, ఇద్దరు చిన్నపిల్లలతో పాటు మోకాళ్ల నొప్పులున్న అత్తమ్మ ఉన్నారని రాశారు. నేను ఉండేది ఆ వైపే. చోట్లకు కొదవ లేదు. కాకపోతే ఒకే చోటు ఇంట్లో అందరికీ సరిపోదు.

పిల్లలకైతే ఉజ్వల పార్కు, జింకల పార్కు ఉన్నాయి. రెండూ దిగువ మానేరు డ్యామ్ దగ్గరే. ఆదివారం సాయంత్రం రద్దీ ఎక్కువ, మామూలు రోజుల్లో వెళ్లండి. మానేరు మీద 2023 జూన్‌లో తెరిచిన తీగల వంతెన రాత్రి లైట్లు వెలిగితే చాలా బాగుంటుంది, చుట్టాలొస్తే తప్పకుండా చూపించండి. రోజూ వెళ్లే చోటు మాత్రం కాదది. డ్యామ్ కట్ట మీద గాలి, దూరం దాకా నీళ్లు, నాకు ప్రాణం లేచొస్తుంది. మా అమ్మ మాత్రం ఆ ఎక్కుడు నా వల్ల కాదని మానేసింది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తాను. పిల్లలను డ్యామ్ దిగువన మానేరు ఇసుకలోకి దిగనివ్వకండి. ఎండాకాలంలో ఆడుకునే మైదానంలా కనిపిస్తుంది. కానీ ఇసుక తోడిన గుంతలు ఉంటాయి, నీళ్లు నిండాక వాటి లోతు పైకి తెలియదు. వానాకాలంలో ఇంకో ప్రమాదం ఉంది. ఈ డ్యామ్ దాదాపు 24 టీఎంసీలది. పైనున్న మధ్య మానేరు డ్యామ్ నుంచి, ఇటు మోయతుమ్మెద వాగు నుంచి వరద వస్తుంది. కరీంనగర్‌లో చినుకు పడకపోయినా గేట్లు ఎత్తాల్సి రావచ్చు. ఎత్తితే కింద నీళ్లు చూస్తుండగానే పెరుగుతాయి. ఇది తలచుకుంటేనే నాకు టెన్షన్.

అత్తమ్మగారికి నిజంగా పనికొచ్చేది కాలనీ పార్కే. డ్యామ్‌కు బండి మీద తీసుకెళ్లేవాళ్లు కావాలి, కాలనీ పార్కుకైతే ఆమె ఒక్కరే వెళ్లి రాగలరు. మా అమ్మకు స్నేహితులు దొరికింది అక్కడే. అందుకే ఇంటికి అడ్వాన్స్ ఇచ్చే ముందు దగ్గర్లోని పార్కును చీకటి పడ్డాక ఒకసారి చూడండి. లైట్లు వెలుగుతున్నాయా, ఆడవాళ్లు కూర్చుంటున్నారా, వీపు ఆనించుకునే బెంచీలున్నాయా, మరుగుదొడ్డికి తాళం వేసి ఉందా? మా పార్కులో లైట్లు చాలాకాలం వెలగలేదు. కాలనీవాళ్లం అందరం సంతకాలు పెట్టి వెంటపడితేనే వచ్చాయి. చూడ్డానికి వెళ్లేటప్పుడు అత్తమ్మగారినీ తీసుకెళ్లండి, అంత దూరం నడవగలరో లేదో ఆవిడే చెప్తారు.