స్పీకర్లు పలకలేదని మదర్‌బోర్డు మార్చొద్దు

అన్నా, కొత్త గ్రాఫిక్స్ కార్డు వేసినాక స్పీకర్లు మూగబోయినాయని, తిరుపతిలో రిపేరు షాపాయన మదర్‌బోర్డే మార్చమన్నాడని రాసినారు. దయచేసి ఇప్పుడే డబ్బు పెట్టొద్దు. ఆ కార్డుకు హెచ్‌డీఎంఐ (మానిటర్‌కు బొమ్మ, శబ్దం రెండూ పంపే కేబుల్) కోసం సొంత ఆడియో డ్రైవర్ (శబ్దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) ఉంటుంది, విండోస్ శబ్దాన్ని అటు పంపుతూ ఉండొచ్చు. ముందు టాస్క్‌బార్‌లో స్పీకర్ గుర్తు నొక్కి రియల్‌టెక్ (మదర్‌బోర్డు మీదుండే సౌండ్ చిప్ పేరు) స్పీకర్లను ఎంచుకోండి.

అయినా రాకుంటే, బోర్డు కంపెనీ సైటు నుంచి సౌండ్ డ్రైవర్ దించి పక్కన పెట్టుకోండి. నెట్ తీసేసి, డివైస్ మేనేజర్‌లో (కంప్యూటర్ భాగాల జాబితా చూపే విండోస్ కిటికీ) రియల్‌టెక్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేయండి. డ్రైవర్‌ను కూడా తొలగించాలా అని అడిగేచోట తప్పకుండా టిక్కు పెట్టండి, లేకుంటే పాతదే మళ్లీ ఎక్కుతుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. రీస్టార్ట్ చేస్తే విండోస్ తన మామూలు డ్రైవర్ వేసుకుంటుంది. అప్పుడు శబ్దం వచ్చిందంటే మీ బోర్డు బాగున్నట్టే. దించుకున్న డ్రైవర్ ఆ తర్వాత వేయండి.