నాన్నగారి సంవత్సరీకానికి పుస్తకం వేస్తున్న అమ్మలుకి

బరంపురం

చి॥ సౌ॥ అమ్మలుకి బాబాయి ఆశీస్సులు.

నాన్నగారి సంవత్సరీకం నాటికి ఆయన మీద చిన్న పుస్తకం అచ్చు వేయించి, వచ్చినవాళ్ళ చేతిలో పెట్టాలని ఉందని రాశావు. తప్పకుండా చెయ్యి తల్లీ. పర్లాకిమిడి లాంటి ఊళ్ళో యాభై ఏళ్ళు నల్లకోటు వేసుకుని తిరిగిన మనిషి గురించి ఇంట్లోవాళ్ళు రాయకపోతే ఇంకెవరూ రాయరు. రెండు తరాలు పోయేసరికి గోడమీద ఫొటో మిగులుతుంది, అందులో ఉన్నది ఎవరో చెప్పేవాళ్ళు మిగలరు.

పుస్తకం కంటే ముందు ఆఫీసు గది సంగతి చూడు. వకీలు పోయిన రోజుతో ఆయన వకాల్తాలన్నీ చెల్లిపోతాయి. సివిల్ ప్రొసీజర్ కోడ్ మూడో ఆర్డరు నాలుగో రూలులో ఉన్న మాట అది. నడుస్తున్న కేసుల పార్టీలు వేరే వకీలుని పెట్టుకోవాలి, వాళ్ళ కాగితాలు వాళ్ళకి చేరాలి. నాన్నగారి గుమాస్తా మొహరీరుని కూర్చోబెట్టి బీరువాల్లోని కట్టలన్నీ దింపించు. నడుస్తున్నవి ఒక పక్క, అయిపోయినవి ఒక పక్క. అయిపోయినవాటిలో కూడా అసలు దస్తావేజులు ఉండిపోతాయి, ప్రతి కట్టా విప్పి చూడాల్సిందే. దొరికిన ప్రతి అసలు కాగితానికీ రిజిస్ట్రీ నంబరు, తేదీ ఒక పుస్తకంలో రాసి, పార్టీ చేత సంతకమో వేలిముద్రో వేయించుకుని ఇచ్చెయ్యి. మిగిలిన చిత్తు నోట్సులు, నకళ్ళు పాత కాగితాలవాడికి తూకానికి వెయ్యకు. ఎవరి ఇంటి పంపకాల గొడవో రేపు బజారులో పకోడీల పొట్లంగా తిరుగుతుంది. ఎవరూ అడగరని తేలాక కాల్చించెయ్యి. ఈ పనికి నెల పడుతుంది, తొందరపడకు.

ఇక పుస్తకానికి అసలు సరుకు ఆ కట్టల్లో లేదు, కోర్టు డైరీల్లో ఉంది. ఏడాదికి ఒకటి చొప్పున అటక మీదో మంచం కిందో ఉంటాయి. చెదలు పట్టినవి విదిలించకుండా ఒక రోజు నీడపట్టున ఆరనిచ్చి, పెయింటు బ్రష్షు మెత్తనిది తీసుకుని దులుపు. డైరీలో ఒక్కో తేదీ కింద వరసలు ఉంటాయి. ఎడమ అంచున గత వాయిదా, తరవాత కోర్టు పేరు, కేసు నంబరు, పార్టీల పేర్లు, ఆ రోజు ఏం జరగాలో, కుడి అంచున పై వాయిదా. టి.ఎస్. అని ఉంటే టైటిల్ సూట్, ఆస్తి హక్కు దావా. జి.ఆర్. అంటే పోలీసు కేసు. యాభై డైరీలూ చదవబోతే సంవత్సరీకం దాటిపోతుంది. ఐదేళ్ళకొకటి తీసుకో. ఒక్కో దాంట్లో మూడు వారాలు చాలు: జనవరిలో ఒకటి, వేసవి సెలవుల ముందు ఒకటి, దసరా సెలవుల తరవాత ఒకటి. రోజుకి ఎన్ని కేసులు, ఏయే కోర్టులు, ఏ ఊళ్ళవాళ్ళు అన్నది లెక్క కట్టి రాసుకో. ఆయన పని ఎలా మొదలై ఎలా పెరిగి ఎప్పుడు తగ్గిందో ఆ లెక్కే చెబుతుంది.

వరసలకంటే ముఖ్యం అంచులు. పెన్సిలుతో "బియ్యం బస్తా" అనో, "అమ్మలు ఫీజు" అనో, "పొద్దున్న బండికి గుణుపురం" అనో ఉంటాయి. ఒక్కటీ వదలకు. ఇంకో గుర్తు కూడా చెబుతాను, బాగా పనికొస్తుంది. ఒకే రోజు ఉన్న కేసులన్నిటికీ టైమ్ పిటిషన్, అంటే గడువు అడిగే అర్జీ, పడి, వాయిదాలన్నీ ముందుకి జరిగాయంటే ఆ రోజు ఇంట్లో ఏదో జరిగిందన్నమాట. పురుడో, జబ్బో, చావో, పిల్లల చదువో. ఆ తేదీ పట్టుకెళ్ళి మీ అమ్మని అడుగు. అలాగే మీ ఇంట్లో జరిగిన పెద్ద సంగతుల తేదీలు రాసుకుని, ఆ రోజు డైరీ తీసి చూడు. ఆ రోజు కూడా హాజిరా (హాజరైనట్టు ఇచ్చే కాగితం) వేసి కోర్టులో నిలబడి ఉంటే అది కూడా రాయాలి. ఇల్లూ కోర్టూ ఆయన ఎలా పంచుకున్నారో తేదీలతో సహా తెలిసేది అక్కడే, ఎంత పొగిడినా ఆ సంగతి పొగడ్తలోకి రాదు.

మనవలకి తెలియనివి పక్కనే విప్పి చెప్పు. "పొద్దున్న బండి" అంటే వాళ్ళకేం తెలుస్తుంది? నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో పడి, 1931లో గుణుపురం దాకా సాగిన రెండున్నర అడుగుల చిన్నలైను అది, 2004 దాకా నడిచింది, తరవాతే పెద్దలైను అయింది. గుణుపురం కోర్టులో వాయిదా ఉన్న వకీలు ఆ బండి వేళలకి తగ్గట్టు బతికాడు. అలాగే "రెగ్యులేషన్ టూ" అన్న కేసులు తగులుతాయి. ఒడిశా షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1956లో తెచ్చిన రెండో రెగ్యులేషన్ అది, పోయిన భూమి తిరిగి ఇప్పించడానికి కూడా దారి చూపిస్తుంది. గుమ్మా, ఆర్. ఉదయగిరి వైపు నుంచి వచ్చే సవర రైతులకి ఆ చట్టం అంటే ఏమిటో, నాన్నగారు ఎవరి తరఫున నిలబడ్డారో చెప్పాలి. ఎదుటి పక్షాన నిలబడిన కేసులుంటే అవి కూడా దాచకు. వకీలు రెండు వైపులా నిలబడతాడు, ఊరికి ఆ సంగతి తెలుసు.

పాత దస్తావేజుల సంగతి మరిచిపోకు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అప్పటి కాగితాలు చాలా తెలుగులోనే ఉంటాయి. తరవాత కోర్టు నడిచేది ఇంగ్లీషులో, ఒడియాలో. ఆ గొలుసుకట్టు తెలుగు చదివి, అర్థం చెడకుండా రెండో భాషలో పెట్టగల వకీళ్ళు ఈ సరిహద్దులో ఎంత అవసరమో బయటివాళ్ళకి తెలియదు. నాన్నగారు ఆ పని చేసిన ఆనవాళ్ళు డైరీలో "తర్జుమా" అన్న మాట దగ్గర వెతుకు.

ఇప్పుడు అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది. కక్షిదారు వకీలుతో చెప్పుకున్నది వకీలు బయటపెట్టకూడదు. పాత సాక్ష్య చట్టంలో అది 126వ సెక్షను, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 132. కేసు అయిపోయినా ఆ కట్టుబాటు తీరదు, మొహరీరుకి కూడా వర్తిస్తుంది. కూతురివి గనక నిన్ను చట్టం నేరుగా పట్టుకోకపోవచ్చు. కానీ ఆయన యాభై ఏళ్ళు నోరు కట్టుకుని కాపాడినదాన్ని ఆయన పేరుమీదే వేసిన పుస్తకంలో విప్పితే అంతకంటే అన్యాయం లేదు. అందుకని ఒక హద్దు పెట్టుకో: నిండు కోర్టులో జరిగినది, తీర్పులో ఉన్నది రాయొచ్చు. గదిలో కుర్చీకి ఇవతల చెప్పుకున్నది రాయకూడదు. లా జర్నల్లో అచ్చయిన తీర్పైనా సరే పేర్లు తీసెయ్యి. దావా వేసుకున్న అన్నదమ్ముల పిల్లలు ఇవాళ అదే వీధిలో ఉంటారు. "ఒక పంపకాల దావా, ఇద్దరు అన్నదమ్ములు, మధ్యలో ఒక నుయ్యి" అంటే చాలు, కథ నిలబడుతుంది. ఆడవాళ్ళ మీద జరిగిన అత్యాచారం కేసులైతే ఊరి పేరు కూడా వద్దు. బాధితురాలి గుర్తు బయటపెట్టడం పాత ఇండియన్ పీనల్ కోడ్‌లో 228ఎ కింద నేరం, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 72.

మనుషుల్ని కలిసేటప్పుడు ముందు మొహరీరు దగ్గరికి వెళ్ళు. ఆయన జ్ఞాపకం అందరికంటే నిక్కచ్చిగా ఉంటుంది, వయసు కూడా మీదపడి ఉంటుంది, ఆలస్యం చెయ్యకు. తరవాత జూనియర్లు, జడ్జిగారి దగ్గర కాగితాలు చూసే పేష్కారు, స్టాంపులమ్మే ఆయన, కోర్టు చెట్టుకింద టైపు కొట్టేవాళ్ళు. ఎదుటి పక్షాన ఎక్కువసార్లు నిలబడిన వకీలుని తప్పకుండా కలువు. నాన్నగారి వాదన ఎక్కడ బలం, ఎక్కడ బలహీనం అన్నది ఆ మనిషికే బాగా తెలుసు. "ఆయన ఎలాంటివారండీ?" అని మాత్రం అడగకు. "దేవుడమ్మా" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. సైకిలు ఎక్కడ పెట్టేవారు, సంచిలోంచి ముందు ఏం తీసేవారు, జడ్జిగారు విసుక్కుంటే ఏం చేసేవారు, కేసు ఓడిపోయిందని పార్టీకి ఎలా చెప్పేవారు, ఫీజు ఇవ్వలేనివాళ్ళు ఏం తెచ్చిచ్చేవారు అని అడుగు. చింతపండు, పనసకాయ, జీడిపిక్కలు అంటూ మాట తనంతట తనే సాగుతుంది. ఫోనులో రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపించు, ఫోను కింద తుండుగుడ్డ మడత వెయ్యి, మొదట తేదీ, ఊరు, మనిషి పేరు నువ్వే పైకి చెప్పు. నలభై నిమిషాలు దాటనివ్వకు, పెద్దవాళ్ళు అలిసిపోతారు. ఆ రాత్రే ఇంకోచోట కాపీ పెట్టుకో.

మీ అమ్మని ఆఖర్న పెట్టకు, ఒక్కసారితో ముగించకు. ఎదురుగా కూర్చుని ప్రశ్నలు అడిగితే ఆవిడ చెప్పదు. కూర తరుగుతుంటేనో, బట్టలు మడతపెడుతుంటేనో పక్కన చేరు. ఆవిడ ఏళ్ళు చెప్పదు, "నువ్వు కడుపులో ఉన్నప్పుడు", "ఫలానా వారింట్లో అద్దెకున్నప్పుడు" అంటుంది. ఆ గుర్తుల పక్కన నువ్వు డైరీలోంచి సంవత్సరం వేసుకో. వకీలు సంపాదన నెల నెలా వచ్చేది కాదు. వేసవి సెలవుల్లో కోర్టు మూతపడితే ఇల్లు ఎలా గడిచిందో ఆవిడకొక్కదానికే తెలుసు. ఆ లెక్క లేకపోతే పుస్తకం సగమే.

తేదీలు, పేర్లు దగ్గర తప్పులు దొర్లుతాయి. మెట్రిక్ సర్టిఫికెట్లో పుట్టిన తేదీ చాలామందికి నిజం కాదు, జాతకం చూడు. అందులో స్వభాను అని ఉంటే 1943 ఉగాది నుంచి 1944 ఉగాది దాకా. 1943 జనవరిలో పుట్టినవాడు స్వభాను కాడు, చిత్రభాను. అందరూ తడబడేది అక్కడే. వకీలుగా నమోదైన తేదీ బార్ కౌన్సిల్ ఇచ్చిన సనద్ (నమోదు పత్రం) మీద ఉంటుంది. కోర్టుల వెబ్‌సైటు ఈ-కోర్ట్స్‌లో అడ్వకేటు పేరుతో వెతికితే ఇటీవలి కేసులు కొన్ని దొరుకుతాయి, కానీ మన ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట అసలు లేకుండా రాసి ఉంటుంది. అన్ని రకాలుగా కొట్టి చూడు. గజపతి జిల్లా 1992 అక్టోబరు 2న వచ్చింది. అంతకుముందు కాగితాల్లో గంజాం అని ఉంటే దిద్దకు, "అప్పటి గంజాం జిల్లా" అని రాయి. బార్ అసోసియేషన్ చేసిన సంతాప తీర్మానం నకలు అడిగి తెచ్చుకుని ఉన్నదున్నట్టు వెయ్యి.

భాష ఇంట్లో మాట్లాడుకునే తెలుగే ఉండాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడింది మీ ఊళ్ళో కూర్చునే కదా. "మహోన్నత వ్యక్తిత్వం", "న్యాయకోవిదుడు" లాంటివి కనపడ్డ చోటల్లా కొట్టెయ్యి, ఆ స్థానంలో ఆయన చేసిన ఒక పని పెట్టు. ఆయన కోపం గురించి కూడా ఒక సంగతి ఉండాలి. లేకపోతే తెలిసినవాళ్ళెవరూ నమ్మరు.

అచ్చుకి డెమ్మీలో ఎనిమిదో వంతు సైజు బాగుంటుంది, నలభై ఎనిమిది పేజీలు. నాలుగుతో భాగించబడే లెక్క అయితేనే మధ్యలో పిన్ను కొట్టడానికి కుదురుతుంది. ముప్పై రెండు తెలుగు, ఎనిమిది ఒడియా, మధ్యలో ఎనిమిది ఫొటోలు. మామూలు పేజీలు 80 జీఎస్‌ఎం మాప్లితో, ఫొటోలవి 130 జీఎస్‌ఎం ఆర్ట్ పేపరు. అక్షరం 14 పాయింట్లు పెట్టించు, చదివేవాళ్ళలో ముసలివాళ్ళే ఎక్కువ. ఒడియా పేజీలు బార్‌లో ఆయన స్నేహితుల కోసం, అనువాదం జూనియర్లలో ఒకరి చేత చేయించు. మన పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు, ఆ బాధ ఈ జిల్లాల్లో ప్రతి ఇంట్లోనూ ఉంది. వాళ్ళకోసం పుస్తకమంతా నీ గొంతుతో చదివి రికార్డు చేసి పంపు.

పాస్‌పోర్టు సైజు ఫొటోలు 600 డీపీఐలో, పెద్దవి 300లో స్కాన్ చేయించు. జిగురు పేజీల ఆల్బమ్‌లోవి లాగకు, సన్నటి దారం ఫొటో కింద నుంచి రంపంలా ఆడిస్తే ఊడి వస్తాయి. అద్దానికి అంటుకుపోయినవాటిని ముట్టుకోకు, అద్దంతో సహా ఫొటో తీయించు. వెనక పేర్లు రాయడానికి మెత్తటి పెన్సిలే వాడు, బాల్ పెన్ను ముందువైపుకి అచ్చు దిగుతుంది.

నువ్వు కంప్యూటర్లో యూనికోడ్‌లో రాసి ఇస్తే డీటీపీవాళ్ళు అను ఫాంట్‌లోకి మారుస్తారు. ఆ మార్పులో ఒత్తులు ఎగిరిపోతాయి, అంకెలు తారుమారవుతాయి. తేదీలన్నీ ప్రూఫులో డైరీ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూడు.

మొదటి ప్రూఫు మీ అమ్మకి చదివి వినిపించు. ఆవిడ ఏ పేరా వద్దంటే ఆ పేరా తీసెయ్యి, ఎందుకని అడగకు. రెండో ప్రూఫు నాకు పంపు, ఒత్తులు నేను చూస్తాను.

మీ బాబాయి