ఒకే భాష, ఒకే మతం ఉన్నవాళ్ల మధ్య కూడా జాతిద్వేషం ఎలా పుడుతుంది?

తేడాలుంటేనే ద్వేషం పుడుతుందనుకుంటాం. ఆఫ్రికా దేశమైన రువాండా చరిత్ర అలా చెప్పదు. అక్కడి రెండు ప్రధాన వర్గాలైన హుటూలు, టుట్సీలు మాట్లాడేది ఒకే కిన్యర్వాండా భాష. ఇళ్లు పక్కపక్కనే, పెళ్లిళ్లూ జరిగేవి. టుట్సీలకు ఎక్కువగా పశుసంపద, హుటూలకు సేద్యం; ఆస్తి పెరిగితే హుటూ టుట్సీగా మారిన సందర్భాలూ ఉన్నాయి.

1930లలో, రువాండా వలసపాలనలో ఉన్నప్పుడు, బెల్జియం పాలకులు గుర్తింపు కార్డుల మీద జాతి రాయించి, అది తండ్రి నుంచి బిడ్డకు సంక్రమించేలా చేశారు. చదువుల్లో, కొలువుల్లో టుట్సీలకు పెద్దపీట వేశారు. హుటూల్లో కడుపుమంట రాజుకున్నది ఈ అన్యాయం వల్లే. స్వాతంత్ర్యం వచ్చి అధికారం హుటూల చేతికొచ్చినా ఆ కార్డులు పోలేదు.

1994లో హుటూ తీవ్రవాదుల రేడియో టుట్సీలను బొద్దింకలంది. దారికి అడ్డంగా కాపుకాసినవాళ్లు కార్డు అడిగేవారు. అందులో టుట్సీ అని ఉంటే ప్రాణం పోయినట్టే. దాదాపు వంద రోజుల్లో లక్షల మందిని చంపేశారు. చంపినవాళ్లలో ఇరుగుపొరుగువాళ్లూ ఉన్నారు. కలిసి బతికినవాళ్ల మధ్య ఆ గీతను గట్టిపరచింది పాలకులే. అందుకే ఈ మారణకాండకు కారణం ‘తరతరాల పగ’ అన్న మాటను నేను అస్సలు ఒప్పుకోను.