మీ ప్రశ్నలు - మా జవాబులు: కవర్ వేసినా స్మోకర్‌కు తుప్పెందుకు?

ప్రశ్న: మా బొగ్గుల స్మోకర్‌కు (బొగ్గుల పొగ, వేడి మీద మాంసం లాంటివి మెల్లగా వండే మూతున్న ఇనుప పొయ్యి) వానలకు ముందే కవర్ తొడిగి బయటే ఉంచాం. మూడు నెలల తర్వాత తీస్తే అడుగున బూడిద సిమెంటులా గట్టిపడిపోయింది, దాని చుట్టూ తుప్పు, జాలీ మీద తెల్లగా బూజు. కవర్ ఎక్కడా చిరగలేదు. నీళ్లెలా వచ్చాయి? ఇక ఇది పనికొస్తుందా?

జవాబు: చాలావరకు పనికొస్తుందండీ, టెన్షన్ పడకండి. తుప్పు ఎక్కడ పట్టిందో ఒకసారి దగ్గరగా చూడండి. బూడిద ఎంత ఎత్తు వరకు ఉందో సరిగ్గా అంత ఎత్తున గీత గీసినట్టు ఉంటుంది. బూడిదలో పొటాషియం కార్బొనేట్ లాంటి లవణాలుంటాయి, అవి గాల్లో ఉన్న చెమ్మను పీల్చుకుంటాయి. అంటే వాన చుక్క పడకపోయినా బూడిద తడుస్తుంది, తడిసిన ముద్ద ఒక పట్టాన ఆరదు. ఇనుముకు నీరూ గాలీ అందితే తుప్పు ఎలాగూ పడుతుంది, ఈ లవణాలు దాన్ని ఇంకా తొందర చేస్తాయి.

ఇక కవర్ సంగతి. పగలు వేడెక్కిన లోపలి గాలి రాత్రి చల్లబడితే అందులోని ఆవిరి నీళ్లుగా మారి ఇనుముకు పడుతుంది. పొద్దున్నే కవర్ ఎత్తి లోపలి వైపు చెయ్యి పెట్టి చూడండి, వేళ్లకు తడి తగులుతుంది. కింద నేల తడిగా ఉంటే ఆ చెమ్మ కూడా పైకే వస్తుంది. అందుకే స్మోకర్‌ను ఇటుకల మీద కొంచెం ఎత్తులో పెట్టండి, కవర్ కింది అంచు నేలకు తగలకుండా వదలండి, పొడిగా ఉన్న రోజు దాన్ని తీసి కాసేపు గాలి తగలనివ్వండి. పై గాలి రంధ్రం మూసేసి కింది వాటిని కొద్దిగా తెరిచి ఉంచితే వాన లోపలికి పడదు, లోపలి చెమ్మ మాత్రం పోతుంది. షెడ్డులాంటి చోటుంటే అన్నిటికంటే అదే మంచిది, కాకపోతే పూర్తిగా చల్లారాకే లోపల పెట్టాలి. బొగ్గులు మండుతున్నంత సేపూ కార్బన్ మోనాక్సైడ్ వదులుతాయి, దానికి వాసన కూడా ఉండదు, ఈ విషయంలో దయచేసి అశ్రద్ధ చేయకండి.

ఇప్పుడు మీదాన్ని బాగు చేసుకుందాం. మూతికి మాస్క్ కట్టుకుని, లోపల మిగిలిన పాత బొగ్గులన్నీ పారేయండి. గట్టిపడిన బూడిద మీద కొద్దిగా నీళ్లు చల్లి, నానాక చెక్క గరిటెతో గీకండి. లోపల ఎనామిల్ (గాజులాంటి నున్నటి) పూత ఉంటే ఇనుప పనిముట్లు వాడొద్దు, పెచ్చు లేచిందంటే తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది. మందంగా పేరుకున్న జిడ్డును నిప్పు పెట్టే ముందే తీసేయాలి, లేకపోతే అదే అంటుకుంటుంది. ఆ తర్వాత బొగ్గులు నిండుగా వేసి, గాలి రంధ్రాలన్నీ తెరిచి గంటసేపు బాగా మండించండి. చల్లారాక జాలీలను సబ్బు నీళ్లతో తోమి, తుడిచి, వంటనూనె పల్చగా రాయండి. తుప్పు పట్టిన చోట బ్రష్‌తో రుద్ది, స్క్రూడ్రైవర్ కొనతో నొక్కి చూడండి. కొన దిగిందంటే అడుగు మార్చాల్సిందే. దిగకపోతే లోపలి వైపు నూనె రాసి మళ్లీ ఒకసారి వేడి చేస్తే చాలు. బయటి వైపైతే సాండ్‌పేపర్ పట్టి, వేడికి తట్టుకునే పెయింట్ వేయొచ్చు. లోపల మాత్రం ఏ పెయింటూ వద్దు.

ప్రశ్న: వాడిన ప్రతిసారీ లోపలంతా తళతళలాడేలా కడగాలా?

జవాబు: అక్కర్లేదు. గోడలకు పట్టిన పల్చటి నల్లటి పూత ఇనుముకు చెమ్మ తగలకుండా కాస్తుంది, దాన్ని గొట్టంతో నీళ్లు కొట్టి కడిగేస్తే నీళ్లు అతుకుల్లోకి దిగి కూర్చుంటాయి. మూత లోపల పెచ్చులు లేస్తుంటే అది పెయింట్ కాదు, మాడిన జిడ్డూ పొగ మసీ, బ్రష్‌తో దులిపేయండి. ప్రతిసారీ తప్పక చేయాల్సినవి రెండే: వండేటప్పుడు స్మోకర్ లోపల పెట్టే నీళ్ల గిన్నె ఖాళీ చేసి తుడవడం, బూడిద తీసేయడం. మీరు ఒక్క రోజు బద్ధకించి గిన్నెలో జిడ్డు నీళ్లు వదిలేసి మూత పెట్టారంటే బూజుకు అంతకంటే మంచి చోటు దొరకదు. బూడిదకు మాత్రం తొందరపడకండి, నివురు కింద నిప్పు మర్నాటికి కూడా ఉండొచ్చు. మూతున్న ఇనుప బకెట్‌లోకే ఎత్తి, రెండు రోజులు ఆగి పారేయండి.

ప్రశ్న: బొగ్గుల బస్తా తడిసిపోయింది, పారేయాలా?

జవాబు: మామూలు కర్ర బొగ్గయితే రెండు మూడు రోజులు ఎండలో పరిచి వాడుకోండి. పిండి కలిపి అచ్చుపోసిన బ్రికెట్లు తడిస్తే ఉబ్బి పొడైపోతాయి, వాటి మీద ఆశ వదులుకోండి. ఇకపై బొగ్గులను మూత బిగుతుగా పట్టే డబ్బాలో ఉంచండి. చాలామంది మిగిలినవాటిని స్మోకర్‌లోనే వదిలేస్తారు, అవి చెమ్మ పీల్చుకుని అడుగునే ఉండిపోతాయి, కొన్నాళ్లకు అక్కడ కూడా తుప్పు తేలుతుంది.