రిపేరా, కొత్తదా? ఏడాదికి ఎంత పడుతుందో చూడండి

ప్రశ్న: మా ఇద్దరి సంపాదన నెలకు 52,000. టీవీ, వాషింగ్ మెషిన్ ఈఎంఐలకే 4,600 పోతోంది. ఈ నెలలోనే మిక్సీ ఆగిపోయింది, హాల్లో ఫ్యాన్ నెమ్మదించింది, పన్నెండేళ్ల ఫ్రిజ్ చల్లబడటం లేదు. రిపేర్లకు డబ్బు దండగ, మూడూ ఈఎంఐలో తెచ్చేద్దాం అంటారు మావారు. కుట్టిస్తే పనికొచ్చే బట్టలు కూడా ఓ మూటెడు పడున్నాయి. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మూడింటికీ ఒకే మాట చెప్పలేం. రిపేరుకు ఎంతవుతుందో అడిగి ఊరుకోకండి, ఆ తర్వాత ఎన్నేళ్లు నడుస్తుందో కూడా అడగండి. ఖర్చును ఆ ఏళ్లతో భాగించండి. కొత్తదాని ధరనూ దాని ఆయుష్షుతో భాగించండి. ఏడాదికి ఏది తక్కువ పడితే దానికే వెళ్లండి. 4,000 రూపాయల మిక్సీ ఎనిమిదేళ్లు వస్తే ఏడాదికి 500. పాతదానికి 900 పెట్టి కాయిల్ చుట్టిస్తే, మూడేళ్లే నడిచినా ఏడాదికి 300. ఇక్కడ వేసినవన్నీ ఉజ్జాయింపు ధరలు, మీ ఊళ్లో అడిగి సరిచూసుకోండి.

అయితే మీ మిక్సీకి అంత కూడా కాకపోవచ్చు. ముందు అడుగున ఉండే ఎర్ర బటన్ చూడండి. పిండి గట్టిగా ఉండో, జార్ నిండా వేసో మోటారు మీద భారం పడితే అది బయటకు తన్నుకొస్తుంది. పావుగంట చల్లారనిచ్చి నొక్కితే చాలు. మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తూ జార్‌లో బ్లేడు కదలకపోతే జార్‌ను మోటారుతో కలిపే కప్లర్ పళ్లు అరిగినట్టు, వందలోపు పని. గాలి కంతల్లోంచి నిప్పురవ్వలు కనిపిస్తే మోటారులోకి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగాయి. జత మార్చడం చవకే, అలాగే వాడుతూ పోతే మాత్రం మోటారులో తిరిగే భాగం (ఆర్మేచర్) గీతలు పడి పాడవుతుంది. కమురు వాసన వచ్చి ఆగితేనే కాయిల్ కాలిందని అనుమానించాలి. చుట్టించేటప్పుడు రాగి తీగే వేయమని చెప్పండి, మార్చిన పాత భాగాన్ని అడిగి తీసుకోండి. ఇంకో మాట. జార్ అడుగున తడి కారుతుంటే ఆ నీరు నేరుగా మోటారు బేరింగ్‌లోకి దిగుతుంది. వంద, నూట యాభైలో అయ్యే జార్ బుష్ (బ్లేడు ఇరుసు చుట్టూ ఉండే గొట్టం) మార్చక బద్ధకిస్తే తొమ్మిది వందల రిపేరు నెత్తిన పడుతుంది.

ఫ్యాన్ నెమ్మదిస్తే చాలావరకు మోటారుకు ఊతమిచ్చే కెపాసిటర్ బలహీనపడినట్టే. సీలింగ్ ఫ్యాన్ల కెపాసిటర్ సామర్థ్యం మామూలుగా 2.5 ఎంఎఫ్‌డీ. పాతదాని మీద ఉన్న అంకె చూసి అదే వేయించండి. స్పీడు పెరుగుతుందని 3.15 వేస్తామంటే వద్దనండి, కాయిల్ వేడెక్కి కాలిపోవచ్చు. ఎలక్ట్రీషియన్ కూలితో కలిపి 200 లోపే అవుతుంది. కాయిలే కాలిందంటే మాత్రం ఈసారికి మీవారి మాటే సరి. పాత ఫ్యాన్ 75 వాట్లు తాగుతుంది, తక్కువ కరెంటుతో నడిచే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 చాలు. రోజుకు 12 గంటల చొప్పున ఏడాదిలో 300 రోజులు వాడితే 162 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 6 రూపాయలనుకుంటే 972. అంటే 3,000 పెట్టి కొన్నది మూడేళ్లు దాటగానే తన డబ్బు తాను తెచ్చిపెడుతుంది.

బట్టల దగ్గర నిక్కచ్చిగా ఉండండి. 400 రూపాయల కుర్తీకి టైలర్ దగ్గర 150 పెట్టడం దండగ, ఆ కుట్టేదో ఇంట్లోనే వేసుకోండి. బ్యాగుల జిప్పు పళ్లు బాగుంటే రన్నర్ ఒక్కటి మార్పించండి, మొత్తం జిప్పు అక్కర్లేదు. జీన్స్ తొడల దగ్గర పలచబడినప్పుడే లోపలి నుంచి గుడ్డ వేయించాలి, చిరిగాక వేస్తే అతుకు పక్కనే మళ్లీ పిగులుతుంది. డబ్బు పెట్టదగ్గవి పట్టుచీరలు. ఫాల్ గుడ్డను నీళ్లలో నానబెట్టి ఆరేశాకే కుట్టించండి. లేకపోతే తర్వాత అది ముడుచుకుని, చీరను లాగి అంచు దగ్గర పీకుతుంది. మడత మీద చిరుగు చిన్నగా ఉన్నప్పుడే డార్నింగ్ (దారాలు అల్లి పూడ్చడం) చేయించి, రెండు మూడు నెలలకోసారి మడత మార్చి పెట్టండి. ఇక బాగుపడనంత చిరిగినా, వెండి జరీ చీరైతే స్టీలు గిన్నెకు ఇచ్చేయకండి. జరీకి విడిగా వెల కట్టే కొట్లున్నాయి.

ఇప్పుడు ఈఎంఐ సంగతి. నో కాస్ట్ అన్నా ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, కార్డు మీదైతే వడ్డీ భాగంపై 18 శాతం జీఎస్టీ పడుతుంది, నగదుకిచ్చే తగ్గింపూ చాలాసార్లు పోతుంది. అదే షాపులో నగదు ధర ఎంతో అడిగితే తేడా మీకే తెలుస్తుంది. దానికి బదులు, సామాను మార్చాల్సి వచ్చేసరికి డబ్బు చేతిలో ఉండేలా ఓ లెక్క వేసుకోండి. ఫ్రిజ్ 24,000, పన్నెండేళ్లు: ఏడాదికి 2,000. వాషింగ్ మెషిన్ 18,000, తొమ్మిదేళ్లు: మరో 2,000. మిక్సీకి 500, ఫ్యాన్లకు 500. ఇన్వర్టర్ ఉంటే బ్యాటరీ 15,000, ఐదేళ్లు: 3,000. మొత్తం 8,000. రిపేర్లకు 4,000 కలిపితే ఏడాదికి 12,000, అంటే నెలకు వెయ్యి. ఆ వెయ్యి విడిగా ఒక పొదుపు ఖాతాలో వేయండి. పోస్టాఫీసు ఆర్డీ దీనికి పనికిరాదు, అది ఐదేళ్లది, మూడేళ్లు నిండందే మూసేయనివ్వరు.

మిగిలింది ఫ్రిజ్. తలుపు సందులో ఒక నోటు పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వస్తే రబ్బరు పోయినట్టు, అది మార్పించి చూడండి. నోటు బిగుసుకునే ఉంటే మెకానిక్‌ను పిలవండి. ‘గ్యాస్ అయిపోయింది’ అని చెప్పి నింపేస్తానంటే ఒప్పుకోకండి. గ్యాస్ వాడితే తరిగేది కాదు, ఎక్కడో లీకైతేనే పోతుంది. లీకు మూయకుండా నింపిన గ్యాస్ మళ్లీ పోతుంది. లీకు వెనక బయటి పైపుల్లో ఉంటే 2,500లో అతికించి నింపించుకోవచ్చు, రెండేళ్లు నడిచినా ఏడాదికి 1,250. లీకు బాడీ లోపల ఫోమ్‌లో ఉన్నా, కంప్రెసరే పోయి 7,000 అన్నా వదిలేయండి. పన్నెండేళ్ల బాడీ ఇంకో రెండేళ్లే వస్తే ఏడాదికి 3,500 పడుతుంది, కొత్తదానికి 2,000. అప్పుడు కొనాల్సిన పెద్ద వస్తువు ఇదొక్కటే. వాషింగ్ మెషిన్ ఈఎంఐ తీరేదాకా ఆగగలిగితే ఆగండి, ఎక్స్ఛేంజ్ ధర చూసేటప్పుడు పాత సామాన్లవాడు ఎంతిస్తాడో కూడా కనుక్కోండి.